మన గొంతులకు ఒక జలాశయం

ఆకాశం నుండి పడిన నీరంతా సంపద కాదు. దానిని ఒకచోట నిలిపి, అవసరమైన వేళ అవసరమైన చోటికి పారించగలిగినప్పుడే అది సంపద అవుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్న పిదప హైదరాబాదు నగరం ఈ సత్యాన్ని గ్రహించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాల ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనదియైన ఈసీపై 1927లో హిమాయత్ సాగర్ వెలసినవి. ఊళ్ళను ముంచిన నీరే ఆనాటినుండి నగరవాసుల దాహం తీర్చింది. ఈ జలాశయానికి కట్ట ఎంత ముఖ్యమో, 17 తలుపులూ అంత ముఖ్యం. నిలుపుకోలేని నీరు వరదైపోతుంది. బయటికి రాలేని నీరు మురిగిపోతుంది.

నేడు మన ఇళ్ళలోకి మరొక రకపు వరద వచ్చిపడుతున్నది. అది మాటల వరద, పాటల వరద, చిత్రాల వరద. పెళ్ళిళ్ళు, పండుగలు, ముషాయిరాలు, పిల్లల తొలి పలుకులు, ముసలివారి కబుర్లు అన్నీ సెల్‌ఫోనులో చేరుతున్నవి. ఫోను నిండగానే కొన్ని తుడిచివేస్తున్నాము. ఫోను పగిలితే అన్నిటినీ పోగొట్టుకొంటున్నాము. మరికొందరు బుద్ధిమంతులు ఒక హార్డ్ డిస్క్ కొని, అన్నిటినీ అందులోనికెక్కించి, అల్మారాలో బట్టల అడుగున దాచుచున్నారు. ఆ డిస్క్ సంవత్సరాల తరబడి వెలుగు చూడదు. మొదటివారికి కట్ట లేదు, రెండవవారికి తలుపు లేదు.

ఈ రెండు లోపాలకూ ఒకే పరిష్కారమున్నదని, అది సామాన్య గృహస్థునకు అందుబాటులోనే ఉన్నదని చెప్పుటయే ఈ వ్యాసంలో నా ఉద్దేశం. ఆ హార్డ్ డిస్క్‌ను టెలివిజన్ ప్రక్కన ఒక చిన్న కంప్యూటరుకు కలిపి ఇంటిల్లిపాదికీ అందుబాటులో ఉంచాలి. ప్రతి ఇంటా, ముందుగా మన కళాశాల గ్రంథాలయంలో, ఈ ఏర్పాటు జరగాలి. ఇది విలాసమని కొందరు అనవచ్చు. నా దృష్టిలో ఇది గ్రంథాలయోద్యమానికి కొనసాగింపు.

ముందుగా మనవద్ద ఏమున్నదో చూద్దాము. శంషాబాదు, రాజేంద్రనగర్ పరిసరాలలోని ఎన్నో కుటుంబాల నుండి 1970ల తరువాత పురుషులు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. టెలిఫోను పిలుపు ఖరీదైన ఆ రోజులలో, ఉత్తరం వ్రాయడం రానివారు, వచ్చినా మనసు విప్పడానికి కాగితం చాలనివారు, క్యాసెట్లలో మాట్లాడి పంపుకొనేవారు. ఫిలిప్స్ సంస్థ 1963లో లోకానికి పరిచయం చేసిన ఆ చిన్న క్యాసెట్ పాతికేళ్ళపాటు మన వీధులలో తపాలా బంట్రోతు పని చేసింది. తండ్రి జిద్దా నుండి ఉర్దూలో మాట్లాడుతాడు. తల్లి ఇక్కడి నుండి సగం దక్కనీలో, సగం తెలుగులో బదులు చెపుతుంది. మధ్యలో మేక అరుపు, పక్కింటి బావి గిలక చప్పుడు, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తాయి. ఈ నేల రెండు భాషలను ఒకే ఊపిరిలో ఎట్లా పలికిందో తెలిపే సాక్ష్యం ఏ చరిత్ర గ్రంథంలోనూ ఇంత స్పష్టంగా దొరకదు.

మా విద్యార్థి ఒకరి ఇంట అట్టి క్యాసెట్లు ఒక బిస్కత్తు డబ్బా నిండా ఉన్నవి. వాటిలో ఉన్నది అతడు పుట్టకముందే చనిపోయిన తాతగారి గొంతు. క్యాసెట్లు ఉన్నవి గాని వాటిని వినిపించే యంత్రం ఇంటిలో లేదు. టేపుపై పూసిన అయస్కాంతపు పొర తేమకు బూజుపడుతుంది, వయస్సుతో రాలిపోతుంది. ఇట్టి డబ్బాలు మన పరిసరాలలో ఇంకెన్ని ఇళ్ళలో ఉన్నవో ఊహించుకోండి. వాటి ఆయువు తీరుతున్నది. ఇంకొక తరం గడిస్తే డబ్బా మిగులుతుంది, గొంతు మిగలదు.

ఆ గొంతును సంఖ్యారూపంలోనికి మార్చి భద్రపరచడం నేడు కష్టసాధ్యం కాదు. 90 నిమిషాల క్యాసెట్‌ను ఏమాత్రం కుదించకుండా, సీడీ నాణ్యతతో ఎక్కిస్తే సుమారు 950 మెగాబైట్ల చోటు పడుతుంది. ఒక టెరాబైట్ డిస్క్‌లో ఇటువంటివి వేయికి పైగా ఇముడుతాయి. ఒక వీధిలోని క్యాసెట్లన్నీ ఒక చొక్కా జేబులో పట్టునన్నమాట! 1956లో ఐబీఎం సంస్థ నిర్మించిన మొట్టమొదటి హార్డ్ డిస్క్ యంత్రానికి 24 అంగుళాల వ్యాసం గల పళ్ళెములు 50 ఉండేవి. అంత యంత్రంలో 50 లక్షల అక్షరాలు మాత్రమే పట్టేవి. ఇన్నేళ్ళ విజ్ఞాన ప్రగతి ఫలం మన చేతికందినప్పుడు దానిని బట్టల అడుగున దాచుట న్యాయమా?

“అంతర్జాలంలో ఉంచితే సరిపోదా? ఈ డిస్కులు, తీగలు మనకేల?” అని యువకులు అడుగుతారు. ప్రశ్న సమంజసమే. అందరితో పంచుకొనదగిన వాటిని అక్కడ ఉంచడంలో నాకు అభ్యంతరం లేదు. కాని ఇంటి గొంతులన్నీ వీధికెక్కవలసినవి కావు. అమ్మమ్మ తన కూతురికి చెప్పుకొన్న కష్టసుఖాలు, ఆడపడుచుల నడుమ పాడుకొన్న పెళ్ళిపాటలు ఆ ఇంటివారి సొత్తు. వాటిని ఎవరు వినాలో నిర్ణయించుకొనే హక్కు ఆ ఇంటివారిది. పైగా అంతర్జాలంలోని చోటు అద్దె ఇల్లువంటిది. అద్దె ఆగిననాడు, సంకేతపదం మరచిననాడు, ఖాతాదారు కన్నుమూసిననాడు తలుపు మూసుకొంటుంది. సొంత ఇంటిలో సొంత డిస్క్ ఉంటే ఆ మర్యాద, ఆ భరోసా రెండూ నిలుస్తాయి. అంతర్జాలం లేనినాడు కూడ అది పనిచేస్తుంది.

ఇక సాధనాల విషయం. కేంబ్రిడ్జి నగరంలో రూపుదిద్దుకొని 2012లో విడుదలైన రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అరచేతిలో ఇముడుతుంది. విద్యార్థులు కంప్యూటర్ విద్యను సొంతంగా నేర్చుకోవాలన్న ఆశయంతో దానిని రూపొందించారు. దానిపై నడిచే ఉచిత కార్యక్రమాలలో ఒకదాని పేరు కోడి. పేరు వినగానే మనవారికి నవ్వు రావచ్చు. 2014 వరకు దాని పేరు ఎక్స్‌బీఎంసీ. డిస్క్‌లోని పాటలను, చిత్రాలను, ఛాయాచిత్రాలను వరుసగా పేర్చి టెలివిజన్ తెరపై చూపుట దాని పని. టెలివిజన్ రిమోట్‌తోనే దానిని నడపవచ్చును కనుక చదువు రాని పెద్దలు సైతం ఒక సాయంత్రంలో అలవాటు పడతారు. కావలసిన వస్తువులన్నీ సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల దొరుకుతాయి.

అయితే ఈ కంప్యూటరుకు డిస్క్‌ను కలపడంలో కొన్ని మెలకువలున్నవి. తీగ గుచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. తెలియక చేసిన ప్రయోగం వల్ల తరాల జ్ఞాపకాలు తుడిచిపెట్టుకొనిపోవచ్చు. కనుక ఈ భాగాన్ని విద్యార్థులు శ్రద్ధతో చదువవలెనని కోరుతున్నాను.

మొదటిది విద్యుత్తు. జేబులో పట్టే రెండున్నర అంగుళాల డిస్క్‌కు వేరే కరెంటు తీగ ఉండదు. అది తనకు కావలసిన శక్తిని కంప్యూటరు నుండియే తీసుకొంటుంది. లోపలి పళ్ళెము నిమిషానికి 5400 సార్లు తిరగాలి. నిలిచిన పళ్ళెమును కదలించే మొదటి క్షణాలలో అది ఎక్కువ శక్తిని కోరుతుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4వ నమూనాలో నాలుగు యూఎస్‌బీ ద్వారాలకూ కలిపి 1.2 ఆంపియర్లు మాత్రమే లభిస్తుంది. 5వ నమూనాకు 5 ఆంపియర్ల సరఫరా పరికరాన్ని వాడితే 1.6 ఆంపియర్లు, అంతకు తక్కువది వాడితే 0.6 ఆంపియరు మాత్రమే బయటి పరికరాలకు ఇస్తుంది. ఈ లెక్క తెలియక, ఇంటిలో పడివున్న పాత ఫోను ఛార్జరుతో కంప్యూటరును నడిపేవారు అనేకులు. అప్పుడు డిస్క్ టిక్కు టిక్కుమని ఆగిపోతుంది. తెర అంచున పసుపుపచ్చని మెరుపు గుర్తు కనిపిస్తుంది. ఇది విద్యుత్తు చాలడంలేదన్న హెచ్చరిక.

నగరంలోని ఒక దుకాణంలో మా విద్యార్థికి “డిస్క్ పోయింది, కొత్తది కొనుక్కో” అని చెప్పి పంపారు. సొంత విద్యుత్తు గల యూఎస్‌బీ హబ్‌ను మధ్యలో కలపగానే ఆ పాత డిస్కే చక్కగా తిరిగింది. వ్యాధి ఒకటి, మందు మరొకటి అయితే రోగి గతి ఏమి కావలె? శంకించవలసిన వరుసలో ముందు కరెంటు, తరువాత తీగ, చిట్టచివరకే డిస్క్ ఉండాలి. బల్లమీద వాడే మూడున్నర అంగుళాల పెద్ద డిస్క్‌కు తన సొంత కరెంటు తీగ ఉంటుంది గనుక దానితో ఈ చిక్కు లేదు.

రెండవది డిస్క్‌లోని అమరిక పద్ధతి. ఒకే కాగితంపై తెలుగువారు ఎడమనుండి, ఉర్దూవారు కుడినుండి వ్రాసినట్లే, డిస్క్‌పై వివరాలను అమర్చే పద్ధతులు అనేకం. చదివేవానికి ఆ పద్ధతి తెలియకపోతే వ్రాసినది ఉన్నా లేనట్లే. ఫ్యాట్32 అనే పాత పద్ధతిని దాదాపు అన్ని యంత్రాలూ చదువగలవు గాని, అందులో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లను దాటరాదు. రెండు గంటల పెళ్ళి వీడియోను నాణ్యంగా ఎక్కిస్తే ఆ హద్దును సులభంగా మించుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ బాధ లేదు. 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలను బహిరంగపరచిన పిదప లినక్స్‌లోనూ అది స్థిరపడింది. విండోస్ లాప్‌టాప్‌కూ, టెలివిజన్ దగ్గరి కంప్యూటరుకూ మధ్య తిరిగే డిస్క్‌కు అది అనుకూలం. కాని వ్రాత మధ్యలో కరెంటు పోతే తప్పిన లెక్కను సరిదిద్దుకొనే చిట్టా దానికి లేదు. ఎల్లప్పుడూ ఒకేచోట ఉండే డిస్క్‌కైతే, అట్టి చిట్టా గల ఈఎక్స్‌టీ4 మేలు. వేసవి గాలివానలకు కరెంటు పోవడం మన ఊళ్ళలో వింత కాదుగదా!

ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉన్నది. ఈఎక్స్‌టీ4 డిస్క్‌ను విండోస్ యంత్రానికి కలిపినప్పుడు అది చదువలేక, “ఫార్మాట్ చేయమంటారా?” అని మర్యాదగా అడుగుతుంది. తొందరపాటుతో సరేనన్నవాని పని ముగిసినట్లే. తాతగారి గొంతు ఆ ఒక్క నొక్కుతో మాయం కావచ్చు. ప్రతి విద్యార్థీ ఇంటిలోని వారందరికీ ఒక్కమాట నేర్పాలి: యంత్రం ఫార్మాట్ అని అడిగితే కాదనండి, తీగ తీయండి, తెలిసినవారిని అడగండి. అట్లే ఒక టెరాబైట్ అని కొన్న డిస్క్ విండోస్‌లో 931 అని చూపితే దుకాణదారు మోసగించెనని తగాదాకు దిగవలసిన పనిలేదు. తయారీదారు వేయిచొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించుటవల్ల వచ్చిన భేదమది.

మూడవది తీగను తీసే పద్ధతి. వ్రాయవలసిన దానిని కంప్యూటర్ కొంతసేపు తన జ్ఞాపకంలో ఉంచుకొని పిదప డిస్క్‌పై వ్రాస్తుంది. తెరపై పని ముగిసినట్లు కనిపించినా లోపల కలం ఇంకా కదులుతూ ఉండవచ్చు. కనుక ముందు తెరపై డిస్క్‌ను విడదీయమని ఆజ్ఞ ఇచ్చి, తరువాతనే తీగను తీయాలి. పళ్ళెము తిరుగుచున్నప్పుడు డిస్క్‌ను కదలించరాదు, దానిపై గుడ్డ కప్పరాదు. టెలివిజన్ వెనుక వేడికి మాడే మూలలో కాక గాలి ఆడేచోట ఉంచాలి.

నాల్గవది పేర్లు. సెల్‌ఫోను పెట్టే అంకెల పేర్లతో నాలుగువేల ఫైళ్ళున్న డిస్క్ పేర్లు లేని సమాధులున్న శ్మశానంవంటిది. సంవత్సరం, ఊరు, సందర్భం, మాట్లాడినవారు అనే నాలుగు వివరాలు ఫైలు పేరులోనే ఉండాలి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుండియే స్థానమున్నది. ఉర్దూకూ ఉన్నది. కనుక పేర్లను మన లిపులలోనే పెట్టుకోవచ్చును. తెరపై అక్షరాలకు బదులు గళ్ళు కనిపించినచో అది ఖతి లోపమే గాని ఫైలు చెడినట్లు కాదు. వరుస చెదరకుండా సంవత్సరాన్ని అంకెలలో ముందు వ్రాయుట మంచిది.

ఇంతచేసినా ఒక డిస్క్‌ను నమ్ముకొని నిద్రపోరాదు. తిరిగే యంత్రమేదైనా ఒకనాడు ఆగక తప్పదు. రెండవ ప్రతి తప్పనిసరి, అదీ వేరొక ఇంటిలో. ఈ మాట ఎందుకు నొక్కి చెపుతున్నానో మన నగర చరిత్రయే సాక్ష్యం. 2000 ఆగస్టులో వచ్చిన వరదలలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనికి నీరు చేరి అమూల్యమైన గ్రంథాలెన్నో తడిసిపోయినవి. 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగర్ తలుపులెత్తారు. గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు కట్ట తెగి జాతీయ రహదారి కోసుకుపోయింది. పాతనగరంలోని కాలనీలలో నీరు చొచ్చిన ఇళ్ళలో పోయినవి బియ్యం, మంచాలు మాత్రమేనా? పెళ్ళి ఆల్బములు, సనదులు, క్యాసెట్లు కూడ పోయినవి. బియ్యం మళ్ళీ కొనుక్కోవచ్చు. రెండు ప్రతులూ ఒకే అల్మారాలో ఉంటే వరదకు అవి రెండు కావు, ఒకటే.

ఇప్పుడు కళాశాల సంఘం పెద్దలకు నా విన్నపం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికతో సమాధానమిచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. కోపంతో వ్యాసం వ్రాసి ఊరుకొనక, ఊరూరా చెదరివున్న దానిని ఆయన ఒకచోట చేర్చారు. అంతకుముందే 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్‌గారు ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూను స్థాపించి దక్కనీ వాఙ్మయాన్ని చేరదీశారు. వారు కాగితానికి చేసిన సేవనే మనం గొంతుకు చేయవలసి ఉన్నది. తెలుగు, ఉర్దూ రెండు శాఖలూ ఒకే కప్పు క్రింద గల మన కళాశాలకు ఇది సహజ ధర్మం.

దీనికి భవనం అవసరం లేదు. గ్రంథాలయంలో ఒక బల్ల, పాత టెలివిజన్, చిన్న కంప్యూటర్, సరియైన విద్యుత్ సరఫరా పరికరం, రెండు హార్డ్ డిస్కులు, పనిచేసే క్యాసెట్ ప్లేయర్ ఒకటి, ఒక రిజిస్టరు చాలు. ఒక డిస్క్ గ్రంథాలయంలో వినేవారికోసం కంప్యూటరుకు కలిపి ఉండాలి. రెండవది ప్రిన్సిపాల్‌గారి ఇనుప బీరువాలో కాదు, వేరొక భవనంలో ఉండాలి. నెలకొకసారి రెండిటినీ సరిచూడాలి. విద్యార్థులు ఇళ్ళనుండి క్యాసెట్లు తెచ్చి, ఎక్కించుకొని, అసలును అదేరోజు తిరిగి తీసికొనిపోవాలి. ఇద్దరు తెలుగు విద్యార్థులు, ఇద్దరు ఉర్దూ విద్యార్థులు సంవత్సరానికొకసారి బాధ్యత వహిస్తే పని సాగిపోతుంది. వార్షికోత్సవానికి వేసే ఒకనాటి షామియానా ఖర్చుతో పోల్చిచూస్తే ఇది భారమని పెద్దలెవరూ అనరని నా విశ్వాసం.

ఒక నియమం మాత్రం సడలరాదు. గొంతు ఎవరిదో వారి అనుమతి, వారు లేకపోతే వారి వారసుల అనుమతి రిజిస్టరులో సంతకంతో ఉండాలి. ఇంటివారు వద్దన్నది గ్రంథాలయ డిస్క్‌పైకి ఎక్కరాదు. దానిని వారి సొంత డిస్క్‌లోనికే మార్చి ఇచ్చి మన ప్రతిని తుడిచివేయాలి. ముఖ్యంగా స్త్రీల గొంతుల విషయంలో ఈ మర్యాద పాటించనినాడు ఏ తల్లీ తన బిస్కత్తు డబ్బాను మన చేతికివ్వదు. నమ్మకం చెడితే ఏ యంత్రమూ దానిని బాగుచేయలేదు.

విద్యార్థులారా! చదువు పూర్తికాగానే మీలో కొందరు మన ఊరి ప్రక్కనే 2008లో వెలసిన విమానాశ్రయం నుండి దూరదేశాలకు ఎగిరిపోతారు. మీ తాతలు అక్కడినుండి మాట్లాడిన మాటలు మీ ఇంటి మూలలో ఇంకా ఉన్నవేమో ఈ సెలవులలో వెదకండి. దొరికితే దుమ్ము తుడిచి, పై మీద పేరు, సంవత్సరం పెద్దలనడిగి వ్రాయండి. వారు జీవించి ఉన్నప్పుడే అడగండి, ఎందుకంటే ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగిన సాక్షులు టేపుకంటె ముందే మనలను విడిచిపోతున్నారు. మిగిలిన పనికి గ్రంథాలయంలో బల్ల సిద్ధం చేయవలసిన బాధ్యత మాది.